ఉత్పత్తి షెడ్యూలింగులో తక్షణ సమాచారం

ఉత్పత్తి షెడ్యూలింగు అంటే కర్మాగారంలో ఏ పనిని ఏ యంత్రం మీద, ఏ వరుసలో, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ముగించాలో ముందుగా నిర్ణయించడం. ఈ నిర్ణయాల పట్టికను షెడ్యూలు లేదా పనుల కాలపట్టిక అంటారు. పట్టిక తయారైన తరువాత యంత్రం చెడిపోవచ్చు, ముడిసరుకు ఆలస్యం కావచ్చు, పనివారు రాకపోవచ్చు, అత్యవసరమైన కొత్త ఆర్డరు వచ్చి పడవచ్చు. కర్మాగారంలో ప్రస్తుతం వాస్తవంగా ఏమి జరుగుతున్నదో తెలిపే సమాచారాన్ని ఇంగ్లీషులో రియల్ టైమ్ డేటా అంటారు. తెలుగులో దీనిని తక్షణ సమాచారం అనవచ్చు. ఈ సమాచారంతో కాలపట్టికను ఎలా సరిదిద్దుతారో, ఎప్పుడు సరిదిద్దకుండా వదిలివేయాలో ఈ వ్యాసంలో చూడవచ్చు.

బడి టైం టేబులుతో పోలిక

షెడ్యూలింగు అనగానే ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని అనిపిస్తుంది. కాని దీని మూలసూత్రాలు ప్రతి పాఠశాలలోనూ కనిపిస్తాయి. విద్యాసంవత్సరం మొదట్లో టైం టేబులు వేస్తారు. ఒకే ఉపాధ్యాయుడు ఒకే పీరియడులో రెండు తరగతులకు వెళ్ళలేడు. ఒకే ప్రయోగశాలలో ఒకేసారి రెండు తరగతులు కూర్చోలేవు. కర్మాగారంలోనూ నిబంధనలు ఇటువంటివే. ఒక యంత్రం ఒకేసారి రెండు పనులు చేయలేదు. ఒక వస్తువుకు మొదటి దశ పూర్తికానిదే రెండవ దశ మొదలుకాదు.

ఒకనాటి ఉదయం లెక్కల మాస్టారు రాలేదనుకుందాం. ప్రధానోపాధ్యాయుడు సంవత్సరపు టైం టేబులును మొత్తంగా తిరగరాయడు. ఆ పీరియడులో ఎవరికి ఖాళీ ఉన్నదో చూసి వారిని ఆ తరగతికి పంపుతాడు. అయితే మాస్టారు రాలేదన్న సంగతి గంట కొట్టక ముందే ఆయనకు తెలియాలి. పీరియడు ముగిసిన తరువాత తెలిస్తే హాజరు పుస్తకంలో వ్రాసుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాదు.

ఈ చిన్న ఉదాహరణలో మూడు అంశాలున్నాయి: ముందుగా వేసుకున్న ప్రణాళిక, ప్రణాళిక తప్పిందన్న వార్త, వీలైనంత తక్కువ మార్పుతో చేసిన సర్దుబాటు. కర్మాగారంలో తక్షణ సమాచారం చేసే పని కూడా ఈ మూడింటినీ కలపడమే.

షెడ్యూలింగు ఎందుకు కష్టం

పనుల సంఖ్య పెరిగేకొద్దీ వాటిని అమర్చగల వరుసల సంఖ్య చాలా వేగంగా పెరుగుతుంది. నాలుగు పనులను 24 విధాలుగా వరుసపెట్టవచ్చు. పది పనులైతే 36,28,800 విధాలు. పది పనులు పది యంత్రాల మీద, ఒక్కొక్క యంత్రం మీద ఒక్కొక్క వరుసలో నడవగలిగితే, లెక్కించవలసిన అమరికల సంఖ్య 66 అంకెలకు చేరుతుంది. వాటిలో చాలా అమరికలు ఆచరణలో కుదరవు. అయినా మిగిలినవాటిలో ఉత్తమమైనది ఏదో కనిపెట్టడం సులభం కాదు.

దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతం ఉన్నది. 1963లో ఫిషర్, థాంప్సన్ అనేవారు పది పనులు, పది యంత్రాలు గల ఒక లెక్కను ప్రచురించారు. ప్రపంచమంతటా పరిశోధకులు దానితో కుస్తీ పట్టారు. చివరకు 1989లో కార్లియే, పిన్సన్ అనే ఫ్రెంచి పరిశోధకులు దాని ఉత్తమ సమాధానం 930 కాల ప్రమాణాలని, అంతకంటె తక్కువ సాధ్యం కాదని నిరూపించారు. కేవలం పది పనుల లెక్క తేలడానికి సుమారు పాతికేళ్ళు పట్టిందన్నమాట. ఈ కోవకు చెందిన లెక్కలకు అన్ని సందర్భాలలోనూ వేగంగా పనిచేసే ఉపాయం దొరకడం దాదాపు అసంభవమని 1976లో గేరీ, జాన్సన్, సేఠి గణితపరంగా చూపారు.

కనుక వాస్తవ కర్మాగారాలలో సర్వోత్తమమైన షెడ్యూలు కోసం పట్టుబట్టరు. తగినంత మంచి షెడ్యూలును తక్కువ సమయంలో తయారుచేసి, పరిస్థితి మారినప్పుడు దానిని సరిదిద్దుకుంటారు. తక్షణ సమాచారపు అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ

ఒక వర్క్‌షాపులో లేత్ యంత్రం ఒకటి, గ్రైండింగు యంత్రం ఒకటి ఉన్నాయనుకుందాం. ప్రతి వస్తువునూ మొదట లేత్ మీద కోసి, తరువాత గ్రైండింగు చేయాలి. క, గ, చ, జ అనే నాలుగు పనులు వచ్చాయి. వాటికి పట్టే సమయం ఈ విధంగా ఉన్నది:

* క: లేత్ మీద 3 గంటలు, గ్రైండింగు 6 గంటలు
* గ: లేత్ మీద 5 గంటలు, గ్రైండింగు 2 గంటలు
* చ: లేత్ మీద 1 గంట, గ్రైండింగు 4 గంటలు
* జ: లేత్ మీద 6 గంటలు, గ్రైండింగు 5 గంటలు

ఈ పనులను గ, జ, క, చ అనే వరుసలో చేస్తే అన్నీ పూర్తికావడానికి 26 గంటలు పడుతుంది. చ, క, జ, గ అనే వరుసలో చేస్తే 18 గంటలు చాలు. కొత్త యంత్రం కొనలేదు, ఎవరూ అదనపు శ్రమ చేయలేదు. కేవలం వరుస మార్చినందువల్ల 8 గంటలు మిగిలాయి.

ఈ రెండవ వరుసను ఇచ్చే సూత్రాన్ని ఎస్. ఎం. జాన్సన్ 1954లో ప్రకటించాడు. పట్టికలోని సమయాలన్నిటిలో అతి చిన్నదానిని ఎంచుకోవాలి. అది మొదటి యంత్రానికి చెందినదైతే ఆ పనిని అన్నిటికంటె ముందు, రెండవ యంత్రానికి చెందినదైతే అన్నిటికంటె చివర ఉంచాలి. ఆ పనిని పక్కన పెట్టి, మిగిలిన పనులకు మళ్ళీ ఇదే సూత్రాన్ని వర్తింపజేయాలి. రెండు యంత్రాలు, పనులన్నిటికీ ఒకే దారి ఉన్నప్పుడు ఇది తప్పక ఉత్తమమైన వరుసను ఇస్తుంది. రెండవ యంత్రం వీలైనంత త్వరగా పనిలో పడడం, చివర ఎక్కువసేపు సాగకపోవడం దీనిలోని కీలకం.

ఇప్పుడు పని మొదలయింది. 4వ గంటకు చ, క పనులు లేత్ మీద పూర్తయ్యాయి. తరువాత జ మొదలుకావాలి. కాని దానికి కావలసిన పోత దిమ్మెలు ఫౌండ్రీ నుండి 9వ గంటకు గాని రావు. ఈ వార్త వర్క్‌షాపుకు ఎప్పుడు తెలిసిందన్న దానిని బట్టి ఫలితం మారుతుంది:

* 9వ గంట వరకు తెలియకపోతే లేత్ యంత్రం ఐదు గంటలు ఖాళీగా ఉంటుంది. జ, గ ఆ తరువాత నడుస్తాయి. మొత్తం పని 22వ గంటకు ముగుస్తుంది.
* 4వ గంటకే తెలిస్తే ముందు గ పనిని ఎక్కించి, దిమ్మెలు రాగానే జ మొదలుపెట్టవచ్చు. మొత్తం పని 20వ గంటకు ముగుస్తుంది.
* 5వ గంటకు తెలిసి అప్పుడు గ పనిని ఎక్కిస్తే 21వ గంటకు ముగుస్తుంది.
* 6వ గంటకు తెలిస్తే 22వ గంటకు ముగుస్తుంది. అంటే అసలు తెలియకపోయినా వచ్చే ఫలితం ఇదే.

దీనిలో గమనించవలసిన విషయాలు రెండు. వార్త రెండు గంటలు ఆలస్యమయ్యేసరికి దాని విలువ పూర్తిగా పోయింది. మరోవైపు, అదే వార్త 4వ గంటకు బదులు 1వ గంటకే తెలిసినా 20 గంటలకంటె ముందుగా పని ముగియదు. ఎందుకంటే జ లేత్ మీద 15వ గంటకు గాని పూర్తికాదు, ఆ తరువాత దానికి 5 గంటల గ్రైండింగు ఉన్నది. కాబట్టి తక్షణ సమాచారం అన్నప్పుడు క్షణాలలో, సెకండ్లలో రావడం ముఖ్యం కాదు. తరువాతి పనిని యంత్రం మీదికి ఎక్కించే నిర్ణయానికి ముందే చేరడం ముఖ్యం. ఒక్కొక్క నిర్ణయానికి ఒక్కొక్క గడువు ఉంటుంది. కొన్నిటికి అది సెకండ్లలో ఉంటే, కొన్నిటికి గంటలలో, మరికొన్నిటికి రోజులలో ఉంటుంది.

చరిత్ర

పనుల పురోగతిని బొమ్మ రూపంలో చూపే పద్ధతిని పోలండు ఇంజనీరు కరోల్ ఆదమియెత్స్కీ 1896లో రూపొందించాడు. దానిని హార్మోనోగ్రాం అంటారు. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ (1861–1919) స్వతంత్రంగా రూపొందించిన పట్టికలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయుధ తయారీలో, నౌకా నిర్మాణంలో వాడుకలోకి వచ్చాయి. నేటికీ వాటిని గాంట్ పటాలు అంటారు. వాటిలో తలపెట్టిన పని, జరిగిన పని పక్కపక్కనే కనిపిస్తాయి. ఎక్కడ వెనుకబడ్డామో ఒక్క చూపులో తెలుస్తుంది. అయితే ఆ గీతలను మనుషులే చేతితో గీయవలసి వచ్చేది కనుక, పటం ఎంత తాజాగా ఉంటుందన్నది వివరాలు సేకరించే గుమాస్తా మీద ఆధారపడేది.

కంప్యూటర్లు వచ్చిన తరువాత సామగ్రి అవసరాల ప్రణాళిక అనే పద్ధతి వ్యాపించింది. ఐబిఎం సంస్థకు చెందిన జోసెఫ్ ఓర్లిక్కీ 1975లో దీనిపై వెలువరించిన గ్రంథం ప్రసిద్ధమైనది. ఎన్ని వస్తువులు కావాలో, వాటికి ఏయే విడిభాగాలు ఎప్పటికి కావాలో ఇది చక్కగా లెక్కకడుతుంది. కాని ఈ లెక్కను చాలాచోట్ల వారానికొకసారి వేసేవారు. ప్రతి దశకూ ఇంత కాలం పడుతుందని ముందే ఒక స్థిరమైన అంకె ఇచ్చేవారు. యంత్రం ముందు ఎంత పని పేరుకొని ఉన్నదో ఈ లెక్కకు తెలియదు.

ఇదే కాలంలో జపానులో మరొక మార్గం రూపుదిద్దుకున్నది. సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన స్వయంచాలిత మగ్గం, దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. లోపాన్ని ఆ క్షణంలోనే బయటపెట్టడం అనే ఈ భావన తరువాత టొయోటా కార్ల కర్మాగారాలలో ప్రధాన సూత్రమయింది. అక్కడ తాయిచి ఓనో (1912–1990) ఆధ్వర్యంలో కాన్‌బాన్ పద్ధతి పెరిగింది. కాన్‌బాన్ అంటే జపాను భాషలో సూచిక పలక. తరువాతి దశవారు విడిభాగాలు వాడుకోగానే, వాటితో ఉన్న కార్డు వెనుకటి దశకు చేరుతుంది. ఆ కార్డు వస్తేనే అక్కడ కొత్తవి తయారుచేస్తారు. సమస్య వచ్చినప్పుడు పనివారు తాడు లాగితే అందరికీ కనిపించేలా దీపం వెలుగుతుంది. ఈ దీపాన్ని అందోన్ అంటారు. ఈ కార్డు, దీపం కూడా తక్షణ సమాచారమే. తక్షణ సమాచారానికి కంప్యూటరు తప్పనిసరి కాదని దీనినిబట్టి తెలుస్తుంది.

యంత్రాల నుండి నేరుగా సమాచారం తీసుకొనే మార్గం ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్‌తో సుగమమయింది. 1968లో జనరల్ మోటార్స్ కోరిన లక్షణాలకు అనుగుణంగా డిక్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 ఈ కోవలోని తొలి పరికరాలలో ఒకటి. 1990ల నాటికి షెడ్యూలును యంత్రాల వద్ద అమలుపరచి, జరిగినదానిని నమోదుచేసే తయారీ నిర్వహణ వ్యవస్థలు వచ్చాయి. కార్యాలయపు కంప్యూటర్లు, కర్మాగారపు యంత్రాలు సమాచారం ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో తెలిపే ఐఎస్ఏ-95 ప్రమాణంలోని మొదటి భాగం 2000లో వెలువడింది. వేర్వేరు కంపెనీల యంత్రాలకు ఉమ్మడి భాషగా ఉపయోగపడే ఓపీసీ యూఏ 2008లో వచ్చింది. 2011లో జర్మనీలోని హానోవర్ ప్రదర్శనలో ఇండస్ట్రీ 4.0 అన్న పేరు ప్రచారంలోకి వచ్చిన తరువాత ఈ విషయం మీద ఆసక్తి ఇంకా పెరిగింది.

సమాచారం ఎక్కడి నుండి వస్తుంది

కర్మాగారంలో తక్షణ సమాచారం ప్రధానంగా నాలుగు విధాలుగా లభిస్తుంది.

* యంత్రాల నుండి: యంత్రం నడుస్తున్నదా, ఆగిందా, ఎన్ని వస్తువులు చేసింది, ఎంత వేగంతో చేస్తున్నది.
* సరుకు నుండి: బార్ కోడు లేదా రేడియో చీటీ అతికించిన పెట్టె ఏ దశ దాటిందీ, ఎక్కడ నిలిచి ఉన్నదీ.
* పనివారి నుండి: యంత్రం ఎందుకు ఆగింది, పనిముట్టు మార్చడానికి ఎంతసేపు పడుతుంది, సరుకులో ఏ లోపం కనిపించింది.
* బయటి నుండి: ముడిసరుకు లారీ ఎక్కడ ఉన్నది, కొనుగోలుదారు ఆర్డరు మార్చాడా, విద్యుత్తు కోత ఉన్నదా.

యంత్రం ఆగిందని చెప్పడానికి ఒక చిన్న సెన్సరు చాలు. ఎందుకు ఆగిందో, మళ్ళీ ఎప్పుడు నడుస్తుందో సాధారణంగా మనిషే చెప్పాలి. షెడ్యూలుకు ఎక్కువగా కావలసినది ఈ రెండవ సమాచారమే. పది నిమిషాలలో నడిచే యంత్రం కోసం వరుస మార్చనక్కరలేదు. రేపటి వరకు నడవదంటే తప్పక మార్చాలి.

షెడ్యూలుకు ఎలా ఉపయోగిస్తారు

మొదటి ఉపయోగం, సమయాలను సరిచేయడం. షెడ్యూలులో వ్రాసుకున్న 6 గంటల పని వాస్తవంగా ప్రతిసారీ 7 గంటలు తీసుకుంటూ ఉంటే, షెడ్యూలు మొదటి రోజు నుండే తప్పు. యంత్రపు సామర్థ్యాన్ని కూడా కాగితం మీది అంకెతో కాక, వాస్తవంతో లెక్కించాలి. ఒక యంత్రం ఉండవలసిన సమయంలో 90 శాతం మాత్రమే అందుబాటులో ఉండి, ఉండవలసిన వేగంలో 95 శాతంతో నడిచి, చేసినవాటిలో 98 శాతం మంచి వస్తువులనిస్తే, మూడింటినీ గుణించగా దాని వాస్తవ సామర్థ్యం సుమారు 84 శాతం. నూరు వస్తువుల మాట ఇచ్చినవారికి 84 మాత్రమే అందుతాయి.

రెండవది, గడువును అంచనా వేయడం. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రం ప్రకారం, నిలకడగా నడిచే వ్యవస్థలో పనిలో ఉన్న సరుకు, రోజుకు బయటికి వచ్చే సరుకు, ఒక వస్తువు లోపల గడిపే సగటు కాలం – ఈ మూడింటికీ విడదీయరాని సంబంధం ఉన్నది. లోపల 300 వస్తువులుండి, రోజుకు 60 బయటికి వస్తుంటే సగటున ఒక వస్తువుకు 5 రోజులు పడుతుంది. లోపలి సరుకు 480కి పెరిగి, రోజుకు 60 మాత్రమే వస్తుంటే 8 రోజులు పడుతుంది. పాత లెక్క చూసుకొని కొనుగోలుదారుకు 5 రోజులని చెప్పినవారు మాట తప్పవలసి వస్తుంది.

మూడవది, యంత్రం ఖాళీ అయినప్పుడు తరువాతి పనిని ఎంచుకోవడం. దీనికి సులభమైన సూత్రాలున్నాయి. ఒకే యంత్రం మీద అన్ని పనులూ సిద్ధంగా ఉన్నప్పుడు, గడువు తేదీ వరుసలో చేస్తే అన్నిటికంటె ఎక్కువ ఆలస్యమయ్యే పని ఆలస్యం వీలైనంత తగ్గుతుందని 1955లో జాక్సన్ చూపాడు. చిన్న పనులను ముందు చేస్తే సగటు నిరీక్షణ తగ్గుతుంది. ఏ సూత్రాన్ని వాడినా, యంత్రం ముందు నిజంగా ఏయే పనులు ఉన్నాయో తెలియాలి.

నాలుగవది, షెడ్యూలును తిరిగి వేయడం. కొన్ని కర్మాగారాలు ప్రతి పూటా లేదా ప్రతి షిఫ్టుకూ కొత్త షెడ్యూలు వేస్తాయి. కొన్ని ఏదైనా పెద్ద సంఘటన జరిగినప్పుడే వేస్తాయి. ఎక్కువ చోట్ల రెండు పద్ధతులనూ కలిపి వాడతారు.

ఉక్కు తయారీలో తక్షణ సమాచారం

సమాచారానికి గడువు ఎంత తక్కువగా ఉండగలదో ఉక్కు పరిశ్రమ చక్కగా తెలుపుతుంది. 1992లో అప్పటి ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన విశాఖపట్నం ఉక్కు కర్మాగారం వంటి సమీకృత కర్మాగారాలలో, బ్లాస్ట్ ఫర్నేసులో తయారైన ద్రవ ఇనుమును కన్వర్టర్లలో ఉక్కుగా మారుస్తారు. ఆ ద్రవ ఉక్కును లాడిల్ అనే పెద్ద పాత్రలలో అవిచ్ఛిన్న పోత యంత్రానికి చేరుస్తారు. ఈ యంత్రంలో ఉక్కు ఆగకుండా గట్టిపడుతూ పొడవైన దిమ్మెలుగా బయటికి వస్తుంది.

ఇక్కడ రెండు గడియారాలు ఎదురెదురుగా నడుస్తాయి. సుమారు 1600 డిగ్రీల సెల్సియస్ వేడిమి గల ద్రవ ఉక్కు లాడిల్‌లో చల్లబడుతూ ఉంటుంది. ముందుగా వచ్చి వేచి ఉంటే వేడి తగ్గిపోతుంది. దానిని మళ్ళీ వేడిచేయడానికి విద్యుత్తు ఖర్చవుతుంది. మరోవైపు పోత యంత్రం ముందు లాడిల్ ఖాళీ అయ్యేలోగా తరువాతి లాడిల్ రాకపోతే పోత వరుస తెగిపోతుంది. అప్పుడు యంత్రాన్ని మళ్ళీ సిద్ధం చేయాలి. అంటే లాడిల్ తొందరగా వచ్చినా నష్టమే, ఆలస్యమైనా నష్టమే.

అందుచేత కన్వర్టరులో శుద్ధి ఎప్పుడు ముగుస్తుంది, లాడిల్ వేడిమి ఎంత, క్రేను ఎక్కడ ఉన్నది, పోత యంత్రంలో ఇంకా ఎంత ఉక్కు మిగిలి ఉన్నది అన్న వివరాలు నిమిషాల మీద తెలియాలి. లాడిల్ కొద్దిగా ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే పోత వేగాన్ని కొంత తగ్గించి వరుస తెగకుండా కాపాడవచ్చు. ఇక్కడ పనుల వరుస మారలేదు, వేగం మాత్రమే సర్దుబాటయింది. మంచి సర్దుబాటు చాలాసార్లు ఇంత చిన్నదిగానే ఉంటుంది.

ఎప్పుడు మార్చకూడదు

సమాచారం ప్రతి నిమిషమూ వస్తున్నది కదా అని షెడ్యూలును ప్రతి నిమిషమూ మార్చితే లాభం కంటె నష్టమే ఎక్కువ. ఒక పనికోసం పనిముట్లు బిగించి, ముడిసరుకు తెచ్చి పెట్టుకున్న తరువాత వరుస మారితే ఆ శ్రమంతా వృథా. వస్త్రాలకు రంగులద్దే కర్మాగారంలో లేత రంగుల నుండి ముదురు రంగులకు వెళ్ళడం తేలిక. నలుపు అద్దిన వెంటనే పసుపు అద్దాలంటే తొట్టిని పూర్తిగా కడగాలి. అవసరం లేని ఒక్క మార్పు గంటల పనిని మింగివేయవచ్చు. తరువాతి దశల వారికి, సరుకు పంపే వారికి కూడా ఏ పట్టికను నమ్మాలో తెలియకుండా పోతుంది. ఈ పరిస్థితిని షెడ్యూలు అస్థిమితం అనవచ్చు.

దీనికి విరుగుడుగా సాధారణంగా ఈ కట్టుబాట్లు పాటిస్తారు:

* దగ్గరి కాలాన్ని, ఉదాహరణకు రాబోయే కొన్ని గంటలను, స్థిరంగా ఉంచి ఆ తరువాతి భాగాన్నే మార్చడం.
* ఆలస్యం ఒక హద్దు దాటితేనే కొత్త షెడ్యూలు వేయడం. అంతకు లోపలైతే మిగిలిన పనులను కొద్దిగా వెనక్కి జరపడం.
* కీలకమైన యంత్రం ముందు కొంత సరుకును నిలువ ఉంచడం. అన్నిటికంటె తక్కువ సామర్థ్యం గల యంత్రమే మొత్తం కర్మాగారపు వేగాన్ని నిర్ణయిస్తుంది. అక్కడ పోయిన గంట తిరిగి రాదు. సామర్థ్యం మిగిలి ఉన్న యంత్రం వద్ద పోయిన గంటను తరువాత పూడ్చుకోవచ్చు. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో వెలువరించిన 'ది గోల్' అనే నవల ఈ విషయాన్ని సామాన్య పాఠకులకు తెలియజేసింది.

సమాచారంలో దోషాలు

కంప్యూటరు తెరమీద కనిపించినంత మాత్రాన అంకె నిజం కాదు. కొన్ని దోషాలు తరచుగా ఎదురవుతాయి. పనివారు ఒక్కొక్క పని ముగిసినప్పుడు కాక, షిఫ్టు చివర అన్నిటికీ ఒకేసారి 'పూర్తి' అని నొక్కితే, అప్పటి వరకు షెడ్యూలు పాత లోకంలోనే ఉంటుంది. రెండు యంత్రాల గడియారాలు కలవకపోతే, వస్తువు మొదటి దశ ముగియకముందే రెండవ దశలో ఉన్నట్టు నమోదవుతుంది. యంత్రం ఆగడానికి కారణాల జాబితా చాలా పొడవుగా ఉంటే, పనివారు చదివే ఓపిక లేక 'ఇతరములు' అన్నదానినే ఎంచుకుంటారు. ఆ సమాచారంతో ఏ నిర్ణయమూ చేయలేము.

తప్పు సమాచారం వేగంగా వస్తే తప్పు నిర్ణయం వేగంగా జరుగుతుంది. కనుక కొత్త వ్యవస్థ పెట్టిన తొలి రోజులలో తెరమీది లెక్కను చేతి లెక్కతో సరిపోల్చి చూడడం అవసరం.

పనివారి స్థానం

యంత్రం ఎంతసేపు ఆగిందో చెప్పే సమాచారమే, దాని ముందు నిలబడిన మనిషి ఎంతసేపు ఆగాడో కూడా చెబుతుంది. ఈ విషయాన్ని పక్కన పెడితే తక్షణ సమాచారం గురించి చెప్పినది సగమే అవుతుంది. ప్రతి ఆగిన నిమిషానికీ పనివారిని సంజాయిషీ అడిగే చోట, ఆగిన సంగతి నమోదు కాకుండా చూడడం వారి ఆత్మరక్షణ అవుతుంది. పనిముట్టు అరిగిందని చెప్పకుండా నడిపిస్తారు, లోపమున్న వస్తువును ముందుకు పంపుతారు. చివరకు షెడ్యూలు వేసేవారికి అందేది నిజం కాదు.

అందోన్ దీపపు పద్ధతి దీనికి భిన్నమైనది. అక్కడ తాడు లాగిన మనిషిని తప్పుచేసినవాడిగా చూడరు. వెంటనే బృంద నాయకుడు వచ్చి సహాయం చేస్తాడు. సమస్యను బయటపెట్టినవారికి సహాయం అందుతుందన్న నమ్మకం ఉన్నందువల్లనే సమాచారం నిజాయితీగా వస్తుంది. సమాచారాన్ని ఎవరు చూస్తారు, దేనికి వాడతారు అన్నది పనివారికి ముందే స్పష్టంగా చెప్పడం మంచి పద్ధతి. అందువల్ల షెడ్యూలు కూడా మెరుగవుతుంది.

చిన్న కర్మాగారాలలో

హైదరాబాదులోని బాలానగర్, విజయవాడలోని ఆటోనగర్ వంటి ప్రాంతాలలో ఉండే చిన్న వర్క్‌షాపులు ఖరీదైన సాఫ్టువేరు కొనలేకపోవచ్చు. అయినా పై సూత్రాలు వారికీ వర్తిస్తాయి. గోడమీద ఒక బల్ల, ఒక్కొక్క పనికి ఒక చీటీ, యంత్రానికి ఒక వరుస ఉంటే చాలు. పని ఒక యంత్రం నుండి మరొకదానికి వెళ్ళినప్పుడు చీటీని కూడా జరపాలి. ఆగిపోయిన పని చీటీని తలకిందులుగా పెట్టవచ్చు. ముడిసరుకు రావలసిన రోజున, ఆ పనిని యంత్రం మీదికి ఎక్కించే వేళకు ముందుగా సరఫరాదారుకు ఫోను చేసి కనుక్కోవడం కూడా తక్షణ సమాచార సేకరణే. పైన చెప్పిన నాలుగు పనుల ఉదాహరణలో రెండు గంటలు మిగిలింది అటువంటి ఒక్క ఫోనుతోనే కావచ్చు.

కొత్తగా వ్యవస్థను పెట్టుకొనేవారు పరికరాలతో కాక, నిర్ణయాలతో మొదలుపెట్టడం మేలు. మనం రోజూ చేసే నిర్ణయాలు ఏవి? ఒక్కొక్కదానికి గడువు ఎంత? ఆ గడువులోగా ఏ వార్త తెలిస్తే మన నిర్ణయం మారుతుంది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలు వ్రాసుకుంటే ఏ యంత్రానికి సెన్సరు కావాలో, ఎక్కడ చీటీ చాలునో, ఏ సమాచారం అసలు అవసరం లేదో తేలుతుంది.